మోతె నుంచి ఆటోనగర్ దాకా

సూర్యాపేట నుంచి ఖమ్మం పోయే రోడ్డు మీద మోతె అనే ఊరు ఉన్నది. 2016లో సూర్యాపేట జిల్లా ఏర్పడక ముందు ఇది నల్లగొండ జిల్లాలో ఉండేది. నీరు అందిన చోట వరి మళ్ళు, అందని చోట ఎర్రటి చెలకలు. కోతలు అయిన రోజుల్లో ఈ ప్రాంతపు రోడ్ల మీద ఎటు చూసినా ధాన్యపు బస్తాల బండ్లే కనిపిస్తాయి. మిర్యాలగూడ రైసుమిల్లులు వాటి కోసం కాచుకుని ఉంటాయి.

పిల్లలూ, ఈ ఊళ్ళో మీ తాత ఇల్లు ఉన్నదనుకోండి. ఇంటి వెనక ఒక వేపచెట్టు, చెట్టు కింద ఒక పాత పికప్ బండి. దాని టైర్లలో గాలి లేదు. డ్రైవరు సీటు కింద ఒక కోడి గుడ్లు పెట్టుకుంటున్నది.

ఈ బండి రకానికి ఎఫ్.సి.150 అని పేరు. దీన్ని 1950లలో అమెరికాలో విల్లీస్ అనే జీపుల కంపెనీ రూపొందించింది. 1960లలో మన దేశంలో మహీంద్రా కంపెనీ తయారు చేసింది. ఎఫ్.సి. అంటే ఫార్వర్డ్ కంట్రోల్. మామూలు జీపులో ఇంజను ముందు ఉంటుంది, డ్రైవరు దాని వెనక కూర్చుంటాడు. ఈ బండిలో డ్రైవరును ముందుకు తెచ్చి, ఇంజను పక్కనే కూర్చోబెట్టారు. అందుచేత దీనికి జీపుకు ఉన్నట్టు ముక్కు లేదు. విల్లీస్ వారు చేసిన బండిలో ముందు ఇరుసుకూ, వెనక ఇరుసుకూ మధ్య దూరం 81 అంగుళాలే. అయినా వెనక తొట్టికి బోలెడంత చోటు మిగిలింది.

మీ నాన్న ఆ బండిని చూసి, "ఇంకా ఎందుకిది? తూకానికి అమ్మేద్దాం," అన్నాడు.

"ఇరవై ఏళ్ళు మన ధాన్యం మోసింది. నీ పెళ్ళికి పందిరి గుంజలు తెచ్చింది కూడా ఇదే," అన్నాడు మీ తాత.

"పాతబడిపోయింది గదా!"

"పాతబడటం వేరు, పాడవటం వేరు. ఇది పాతబడిందో, పాడయిందో విప్పి చూస్తేగాని తెలియదు."

తాత అన్న మాట నిజమే. హైదరాబాదులో బస్ భవన్ అనే చోట 1932 నాటి బస్సు ఒకటి భద్రంగా ఉన్నది. దాన్ని స్కాట్లండు దేశంలోని గ్లాస్గో నగరపు ఆల్బియన్ కంపెనీ చేసింది. దాని ముద్దుపేరు డెక్కన్ క్వీన్. నిజాము రాజ్యంలో ప్రభుత్వ బస్సులు 1932 జూన్ 15న, 27 బస్సులతో మొదలయాయి. సూర్యాపేట ఉన్న నల్లగొండ జిల్లా అప్పుడు ఆ రాజ్యంలోనిదే. 90 ఏళ్ళు దాటిన ఆ బస్సు పాతదే గాని, పాడయిపోలేదు.

మరి మన బండి సంగతి ఏమిటి? తెలుసుకోవాలంటే విజయవాడ దాకా ప్రయాణం చెయ్యాలి. పదండి!

బండి నడవదు కనుక దాన్ని ఒక లారీ మీదికి ఎక్కించారు. మోతె నుంచి సూర్యాపేట వచ్చి, హైదరాబాదు–విజయవాడ రహదారిలో ప్రవేశించాం. ఇది 65వ నంబరు జాతీయ రహదారి. ఇదివరకు దీని నంబరు 9. సూర్యాపేట ఈ రెండు నగరాలకూ ఇంచుమించు నడిమధ్యన ఉన్నది. మునగాల, కోదాడ దాటి, పాలేరు వంతెన కూడా దాటితే ఆంధ్రప్రదేశ్ వస్తుంది. ఆ పైన జగ్గయ్యపేట, నందిగామ, ఇబ్రహీంపట్నం.

ఇబ్రహీంపట్నం పక్కనే కొండపల్లి ఉన్నది. కొండపల్లి బొమ్మలు మీ అందరికీ తెలుసు. వాటిని తెల్లపొణికి అనే తేలిక కర్రతో చేస్తారు. బొమ్మ చేతులూ, కాళ్ళూ విడివిడిగా చెక్కి, తరవాత అతుకుతారు. అతుకు కనపడకుండా చింతగింజల పిండీ, రంపపు పొట్టూ కలిపిన ముద్దతో పూడుస్తారు. దీన్ని మక్కు అంటారు. ఈ మక్కు సంగతి గుర్తుంచుకోండి, మళ్ళీ పని పడుతుంది.

విజయవాడ తూర్పు భాగంలో జవహర్ ఆటోనగర్ ఉన్నది. 1960లలో ఇది వెలిసింది. లారీలు బాగుచేసే పనులన్నిటికీ ఇక్కడ చోటున్నది. ఒక వీధిలో లేతు మిషన్లు తిరుగుతుంటాయి. ఒక చోట కమాను కట్టలు కొలిమిలో ఎర్రగా కాలుతుంటాయి. ఇంకో చోట కొత్త లారీలకు చెక్కా, రేకూ కలిపి బాడీలు కడుతుంటారు. రేడియేటర్లు అతికేవారు వేరు, సీట్లు కుట్టేవారు వేరు, రంగులు వేసేవారు వేరు. వంగిన రేకును సుత్తితో సరిచేసేవారిని టింకరింగ్ మేస్త్రులంటారు. మన బండిని అటువంటి మేస్త్రి ఒకాయన షెడ్డుకు చేర్చారు.

మేస్త్రి వెంటనే సుత్తి ఎత్తుతాడని మీరు అనుకుని ఉంటారు. కాని ఆయన ముందు బండిని నాలుగు పక్కలా ఫోటోలు తీయించాడు. తరవాత విప్పిన ప్రతి బోల్టునూ, నట్టునూ డబ్బాల్లో వేసి, ఏది ఎక్కడిదో చీటీ రాసి అంటించాడు. విప్పటం ఒక్క రోజు పని. గుర్తులు పెట్టుకోకపోతే తిరిగి బిగించటం నెల రోజులయినా తెమలదు.

ఆ తరవాత తలుపులు తీసేసి, ఆ ఖాళీలలో అడ్డంగా ఇనుప కడ్డీలు అతికాడు. ఎందుకంటే, తుప్పు పట్టిన క్యాబిన్‌ను ఆసరా లేకుండా ఎత్తితే ఒక పక్కకు ఒరుగుతుంది. ఇక దానికి తలుపులు పట్టవు.

అప్పుడు కప్పీ గొలుసుతో క్యాబిన్‌ను మెల్లిగా పైకి లేపారు. కింద మిగిలినది చూసి మీరు, "అరే! నిచ్చెన!" అన్నారు.

అవును, అది నిచ్చెనలాగే ఉన్నది. రెండు పొడుగాటి ఉక్కు దూలాలు, వాటి మధ్య అడ్డదూలాలు. ఇదే ఫ్రేము. మెకానిక్కులు ఛాసీ అని కూడా అంటారు. ఇంజనూ, ఇరుసులూ, తొట్టీ, క్యాబినూ అన్నీ దీన్నే పట్టుకుని ఉంటాయి. మన ఒంటికి వెన్నెముక ఎట్లాగో, బండికి ఫ్రేము అట్లాగన్న మాట.

ఈ దూలం లోపల నిండుగా లేదు. మూడు పక్కలు ఉండి, నాలుగో పక్క తెరిచి ఉన్న తొట్టిలాగా ఉన్నది. అంత బరువు మోసే దూలాన్ని అట్లా ఎందుకు చేశారు? ఇంట్లోనే ఒక పరీక్ష చేసి చూడండి. నోటుబుక్కు కాగితం నుంచి పోస్టుకార్డంత ముక్క కత్తిరించండి. రెండు పుస్తకాలను నాలుగు అంగుళాల ఎడంగా పెట్టి, వాటి మీద ముక్కను వంతెనలాగా వెయ్యండి. మధ్యలో ఒక రూపాయి బిళ్ళ పెడితే కాగితం వంగి కిందికి జారుతుంది. ఇప్పుడు ఆ కాగితం పొడుగాటి అంచులు రెండూ అర అంగుళం మేర పైకి మడిచి మళ్ళీ వెయ్యండి. ఈసారి ఒకదాని మీద ఒకటి బిళ్ళలు పేర్చినా నిలుస్తుంది. కాగితం అదే, కాని అంచులు నిలబడటం మూలాన దానికి బలం వచ్చింది. ఇలాంటి బండ్ల ఫ్రేముల్లో ఉన్న కిటుకు కూడా ఇదే.

ఫ్రేముకు ఒక పక్కన కొన్ని అక్షరాలూ, అంకెలూ ముద్ర కొట్టి ఉన్నాయి. అది ఛాసీ నంబరు. మేస్త్రి ఆ చోట కాగితం పెట్టి, పెన్సిలుతో రుద్దాడు. మీరు రూపాయి బిళ్ళ మీద కాగితం పెట్టి రుద్దినప్పుడు అచ్చు పడినట్టే నంబరు కాగితం మీద తేలింది. బండి కాగితాల్లో ఉండేది ఈ నంబరే. క్యాబిన్ రేకులన్నీ మార్చినా బండి అదే బండి. ఈ నంబరు చెరిపితే మాత్రం దానికి ఊరూ పేరూ లేనట్టే. ఆఫీసువారి అనుమతి లేకుండా ఫ్రేము మార్చటానికి వీల్లేదు. 2021లో మన ప్రభుత్వం పాత వాహనాలకు ఒక నియమం చేసింది. సొంతానికి వాడే కార్లూ, మోటారు సైకిళ్ళూ 50 ఏళ్ళు దాటి, మొదటి రూపంలోనే ఉంటే వాటిని వింటేజి వాహనాలుగా గుర్తిస్తారు. మన బండి సరుకుల బండి కనుక ఆ లెక్కలోకి రాదు. కాని దాని నీతి మనకూ పనికివస్తుంది: బాగుచెయ్యటమంటే వేరే బండిగా మార్చటం కాదు.

మేస్త్రి ఇప్పుడు చిన్న సుత్తి తీసుకుని, ఫ్రేము మీద ఒక చివర నుంచి తట్టుకుంటూ వచ్చాడు. కుండ కొనేటప్పుడు మీ నాయనమ్మ వేలితో కొట్టి చూడదూ? ఇదీ అంతే. గట్టి చోట ఖణేల్మన్నది. తుప్పు తిన్న చోట మూగగా "దబ్" మన్నది. అక్కడల్లా సుద్దముక్కతో గుర్తు పెట్టాడు.

ఇనుము, నీరు, గాలిలోని ఆమ్లజని — ఈ మూడూ కలిస్తే తుప్పు పుడుతుంది. తుప్పు తను పుట్టిన ఇనుముకంటె రెండింతలకు పైగా చోటు ఆక్రమిస్తుంది. అందుచేత రెండు రేకుల సందున తుప్పు పుడితే అది ఉబ్బి, రేకులను విడదీస్తుంది. పెచ్చులు రాలిన కొద్దీ లోపలి ఇనుము బయటపడుతుంది, దానికీ తుప్పు పడుతుంది. నీరు నిలిచే చోటనే దాని కాపరం: కాళ్ళ దగ్గర పరిచిన పట్టా కింద, తలుపు అడుగున, క్యాబిన్ ఫ్రేము మీద ఆనే చోట. పొటాషు వంటి ఎరువు కారిన చోట తడికి ఉప్పు తోడవుతుంది కనుక తుప్పు ఇంకా త్వరగా పడుతుంది. మన బండి ఎన్ని ఎరువుల బస్తాలు మోసిందో తాతనడగండి!

తరవాత ఫ్రేము వంగిందేమో చూడాలి. మేస్త్రి దారానికి ఇనుపగుండు కట్టి, ఫ్రేముకు నాలుగు చోట్ల వేలాడదీసి, గుండు కింద నేల మీద గుర్తులు పెట్టాడు. "ఈ మూల నుంచి ఆ మూలకు కొలు," అన్నాడు మీతో. మీరు టేపుతో కొలిచారు. రెండో జత మూలలు కూడా కొలిచారు. రెండు కొలతలూ సరిగ్గా సరిపోయాయి. ఫ్రేము పక్కకు వంగలేదన్న మాట. బడిలో దీర్ఘచతురస్రానికి కర్ణాలు సమానమని చదువుకున్నారే, అది ఇక్కడ పనికివచ్చింది!

అందరికీ సంతోషమయింది. తాత అప్పుడే రంగుల మాట ఎత్తాడు. లేత నీలం రంగు, కొత్త మెత్తని సీట్లు, మెరిసే అద్దాలు. ఇంటి నుంచి తెచ్చిన డబ్బు వాటికి సరిపోతుందని లెక్క వేసుకున్నాడు.

ఇంతలో ఒక తమాషా జరిగింది. మీ జేబులో పాత రేడియో స్పీకరులోని అయస్కాంతం ఉన్నది. దాన్ని మీరు క్యాబిన్ రేకు మీద పెట్టి ఆడుతున్నారు. పైభాగాన అది టక్కున అంటుకున్నది. తలుపు కింది భాగాన మాత్రం జారి పడిపోయింది. మళ్ళీ పెట్టారు. మళ్ళీ పడింది.

మేస్త్రి నవ్వి, ఆ చోట గీకి చూపించాడు. రంగు కింద రేకు లేదు, మందంగా లప్పం ఉన్నది. ఎవరో ఎప్పుడో తుప్పు తొలగించకుండానే లప్పం పూడ్చి, పైన రంగు వేశారు. కొండపల్లి బొమ్మకు మక్కు ఎట్లాగో, బండికి లప్పం అట్లాగు. నునుపు చెయ్యటానికి కొంచెం పూస్తే మంచిదే. చిల్లిని దాచటానికి పూస్తే అది అబద్ధం. దాని చాటున తడి చేరి, తుప్పు హాయిగా పెరుగుతుంది.

"ఇక్కడ దాచినవాళ్ళు ఇంకెక్కడ దాచారో!" అంటూ మేస్త్రి తిరిగి ఫ్రేము దగ్గరికి పోయాడు. క్యాబిన్ వెనక ఒక దూలానికి ఎప్పుడో అతికిన ఇనుప ముక్క ఉన్నది. దాన్ని కోసి తీశాడు. కింద వెంట్రుకంత సన్నని పగులు, జానెడు పొడుగున కనిపించింది.

మేస్త్రి తాతతో ఇలా అన్నాడు: "పెద్దాయనా, రెండు దారులున్నాయి. తీసిన ముక్కను మళ్ళీ అతికి, రంగు వేస్తే ఎవరికీ కనపడదు. మీరనుకున్న నీలం రంగూ, సీట్లూ అన్నీ అవుతాయి. లేదా, ఈ పగులు సంగతి తేల్చాలి. పక్కన ఉన్న అడ్డదూలం కూడా మార్చాలి. అట్లా చేస్తే మీ డబ్బు ఇక్కడికే సరిపోతుంది."

తాత చాలాసేపు మాట్లాడలేదు. పగులు మీద వేలు పెట్టి చూశాడు. తరవాత మీ వంకా, మీ చెల్లెలి వంకా చూశాడు. బండి బాగయితే మొట్టమొదట ఎక్కి కూచునేది మీరిద్దరే మరి!

"కనపడని చోటే బాగుచెయ్యి, మేస్త్రీ. కనపడేది తరవాత చూసుకుందాం," అన్నాడు తాత.

ఇక పని మొదలయింది. మేస్త్రి ముందుగా పగులు చివరిదాకా పోయి, సరిగ్గా ఆ కొసన ఒక గుండ్రటి రంధ్రం తొలిచాడు. పగిలినదానికి ఇంకో చిల్లి పెడతారా అని ఆశ్చర్యపడకండి. గుడ్డ చించేటప్పుడు మొదట ఒక చిన్న గాటు పెడితే, తరవాత అది సులువుగా చిరిగిపోతుంది గదా. లాగిన బలమంతా ఆ కొసకే చేరటం మూలాన అట్లా జరుగుతుంది. ఆ కొసను గుండ్రం చేస్తే బలం చుట్టూ పంచుకుపోయి, పగులు అక్కడ ఆగుతుంది. అప్పుడు పగులును వెల్డింగుతో పూడ్చి, దూలం లోపలి పక్క బలమైన ఉక్కు పలక ఆనించి, రివిట్లు కొట్టారు.

రివిటును కొలిమిలో ఎర్రగా కాల్చి, రంధ్రంలో దూర్చి, రెండో కొసను సుత్తితో సాగగొడతారు. అది చల్లారుతూ కుంచించుకుపోయి, రెండు పలకలనూ గట్టిగా అదిమి పట్టుకుంటుంది. కమ్మరి ఎడ్లబండి చక్రానికి ఇనుప పట్టా కాల్చి తొడిగి, నీళ్ళు పోసేది ఇందుకే.

క్యాబిన్‌లో కూడా తుప్పు తిన్న రేకంతా కోసేసి, కొత్త రేకు అతికారు. సొట్టలున్న చోట లోపల ఒక ఇనుప దిమ్మె ఆనించి, పైనుంచి సుత్తితో చిన్న చిన్న దెబ్బలు కొట్టారు. ఒక్క పెద్ద దెబ్బ కొడితే సొట్ట పోయి బొడిపె వస్తుందట.

తరవాత ఫ్రేమునూ, క్యాబిన్‌నూ శుభ్రంగా గీకి, రెడ్ ఆక్సైడ్ పూశారు. ఇందులో ఒక వింత ఉన్నది. ఈ పూతలోని ఎర్రటి పొడి కూడా ఇనుమూ, ఆమ్లజనీ కలిసిన పదార్థమే. అంటే తుప్పుకు చుట్టమే! కాని జిగురులో కలిసి పొరగా అంటుకుని ఉంటుంది కనుక, అది తడిని ఇనుము దాకా పోనివ్వదు. మోతె చెలకల ఎరుపు కూడా ఇటువంటి ఇనుము పదార్థం వల్లనే వచ్చింది.

చివరకు క్యాబిన్‌ను మళ్ళీ ఫ్రేము మీద దించారు. రెండింటికీ మధ్య రబ్బరు దిమ్మలు పెట్టారు. గతుకుల బాటలో ఒక చక్రం రాయెక్కితే ఫ్రేము కొద్దిగా మెలిపడుతుంది. ఆ మెలిక క్యాబిన్‌కు తగలకుండా రబ్బరు తను నలుగుతుంది. రబ్బరు లేకపోతే క్యాబిన్ మూలలు పగులుతాయి.

పిల్లలూ, ప్రతి పాత బండినీ ఇట్లా బతికించలేం. ఫ్రేము పది చోట్ల తుప్పు తిన్నదైతే, నిజాయితీగల మేస్త్రి "దీన్ని తూకానికి ఇచ్చెయ్యండి" అనే చెబుతాడు. అదీ మంచి సలహాయే. ఆ ఉక్కు కరిగి, మళ్ళీ కొత్త ఉక్కు అవుతుంది. మన బండి అదృష్టం బాగుండి, పాడయిన భాగం తక్కువ, గట్టి భాగం ఎక్కువ అయింది. ఇంజను పని తరవాత సూర్యాపేటలోనే చేయించుకోవచ్చు.

బండిని మళ్ళీ లారీకెక్కించి మోతె తెచ్చారు. వీధిలో పిల్లలంతా మూగారు. "ఇన్నాళ్ళు పోయి తెచ్చింది ఇదేనా? రంగే లేదు!" అన్నారు. నిజమే, నీలం రంగు లేదు, మెత్తని సీట్లు లేవు. బండి అంతా చెలక మట్టి రంగులో ఉన్నది.

మీ నాన్న ఏమీ అనకుండా వంగి, ఫ్రేము కిందికి చూశాడు. రివిట్లు వరసగా ఉన్నాయి. సుత్తి తెచ్చి, ఒక చివర నుంచి తట్టుకుంటూ వచ్చాడు. అంతటా ఒకే మోత, ఖణేల్!

"పాతదే," అన్నాడు నాన్న.

తాత నవ్వాడు.

ఎర్రపూత ఒక్కటే ఉంటే వానకు ఎక్కువ కాలం ఆగదనీ, తొలకరి లోపల పై రంగు వెయ్యాలనీ మేస్త్రి చెప్పి పంపాడు. అందుకని బండిని వేపచెట్టు కింద కాక, పశువుల కొట్టం పక్కన రేకుల పందిరి కింద పెట్టారు. కోడికి వేరే గంప చూశారు. తాత రంగుడబ్బాకు డబ్బు కూడబెడుతున్నాడు. ఏ రంగు వెయ్యాలో మాత్రం మిమ్మల్నే చెప్పమన్నాడు. బాగా ఆలోచించి చెప్పండి. తొలకరి ఎంతో దూరం లేదు!